నిమ్మరసం వేడి పాకంలో పోశారా, అయితే అంతే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం అల్లం నిమ్మకాయ షర్బత్ గురించే. ఎండలు అలా ఉన్నాయి మరి. అందుకని ఆవకాయ ప్రశ్నలన్నీ పై నెలకి వాయిదా వేసి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను. పేర్లు వెయ్యొద్దని కొందరు అడిగారు, అందుకే ఊళ్లు మాత్రం వేశాను.

*పిన్నిగారూ, వచ్చే నెల మా మరిది ఒడుగు. అరవై మంది వస్తారు. కూల్‌డ్రింకులు వద్దు, ఇంట్లో చేసిన అల్లం నిమ్మ షర్బత్ ఇద్దామని మా అత్తయ్యగారి కోరిక. ముందు కేజీ పంచదారతో చేసి చూశాను. పాకం మరుగుతుండగానే అల్లం ముద్ద, నిమ్మరసం వేసేసి వడగట్టాను. ఆ పూట బాగానే ఉంది గానీ మర్నాటికి చేదెక్కింది. సీసా అడుగున తెల్లగా గంజిలా పేరుకుంది కూడా. ఎక్కడ తప్పు చేశాను? — పాలకొల్లు*

నువ్వు చేసిన తప్పే ఇరవయ్యేళ్ల కిందట నేనూ చేశానమ్మాయ్. మా ఆడపడుచు సీమంతానికి నలభై నిమ్మకాయలు పిండి, ఆ రసమంతా కుతకుతా ఉడుకుతున్న పాకంలో కుమ్మరించాను, అదీ కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో. పొద్దున్న రుచి చూసి ఆహా అన్నవాళ్లే మధ్యాహ్నం ఒక గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టేసి, నా వంక చూసి ఊరుకున్నారు. ఒక పెద్దావిడ మాత్రం ఊరుకోలేదు, "వేపపువ్వు కూడా వేశావేంటే" అంది. ఉగాది వెళ్లిపోయి అప్పటికి నెల దాటింది.

నిమ్మజాతి కాయల్లో లిమోనిన్ అని ఒక చేదు పదార్థం ఉంటుంది. కాయలో ఉన్నంతసేపూ అది చేదు తెలియని రూపంలోనే ఉంటుంది. పిండాక, ఆ రసంలో పులుపు తగిలి మెల్లమెల్లగా చేదుగా మారుతుంది. అందుకే పిండగానే తాగేవాళ్లకి ఏమీ తెలియదు, కొన్ని గంటలు పోయాక గొంతు దగ్గర తగులుతుంది. వేడి చేస్తే ఆ మార్పు ఇంకా తొందరగా అయిపోతుంది, పైగా అందులో ఉన్న సి విటమిన్ కూడా కొంత పోతుంది. గింజల్లోనూ తొక్క లోపలి తెల్లటి భాగంలోనూ ఈ చేదు ఎక్కువ. కాబట్టి ఆఖరి చుక్క దాకా రావాలని కాయని మెలిపెట్టి పిండడం, గింజలతో సహా మిక్సీలో వెయ్యడం రెండూ వద్దు. కాయని అరిచేత్తో నేల మీద నాలుగుసార్లు దొర్లించు, అడ్డంగా కొయ్యి, తేలిగ్గా పిండు. చెక్కలో కాస్త రసం మిగిలిపోయిందని బాధపడకు. ఆ చెక్కలతో ఆ రోజు రాగి చెంబులు తోముకో.

ఇక అడుగున పేరుకున్న తెలుపు. అది అల్లం పిండి. బియ్యంలో, కందలో ఉన్నట్టే అల్లం దుంపలోనూ పిండి పదార్థం ఉంటుంది. మా అమ్మమ్మ దాన్ని సున్నం అనేది, అది కడుపులోకి పోతే మంచిది కాదని అల్లం రసం తేర్చకుండా చుక్క కూడా వాడనిచ్చేది కాదు. అది విషమేమీ కాదులే గానీ ఆవిడ పద్ధతి మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనది. ఎందుకంటే ఆ పిండి వేడి పాకంలో పడితే ఉడికి గంజవుతుంది, షర్బత్ చిక్కగా మసకబారి, సీసా అడుగున జిగురు కడుతుంది. నీకు జరిగింది అదే.

ఇప్పుడు నేను చేసే తీరు చెబుతాను, రాసుకో. పావు కేజీ అల్లం తీసుకో. మరీ లేతదైతే నీరే ఎక్కువ, ఘాటుండదు. బాగా ముదిరినదైతే ఘాటుంటుంది గానీ పీచు. విరిస్తే టక్కుమని విరిగి, విరిగిన చోట సన్నటి పీచు కనిపించే అల్లం దీనికి సరిపోతుంది. ముందు అరగంట నీళ్లలో నానబెడితే కణుపుల మధ్య మట్టి వదులుతుంది. తరవాత చెంచా అంచుతో గీరితే తొక్క వచ్చేస్తుంది, చాకు అక్కర్లేదు. సన్నగా తరిగి, అరగ్లాసు నీళ్లతో మిక్సీ పట్టి, పాత నూలు పంచె ముక్కలో వేసి గట్టిగా పిండు. ఇక్కడ ఎంత గట్టిగా పిండినా తప్పులేదు, నిమ్మకాయ దగ్గరే సున్నితం. వచ్చిన రసం గాజు గ్లాసులో పోసి, ఒక గంట ఎవరూ కదపని చోట పెట్టు. గాజు గ్లాసే ఎందుకంటే కింద ఏం జరుగుతోందో కనిపిస్తుంది. పావుగంటకి అడుగున తెల్లటి గీత మొదలవుతుంది, గంటకి వేలెడు కాకపోయినా గోరెడు మందాన గట్టిగా కూర్చుంటుంది, పైన తేట లేత పసుపు రంగులో నిలుస్తుంది. గ్లాసు మెల్లిగా వంచి పై తేట మాత్రం వేరే గిన్నెలోకి వంపు. తెలుపు జారడం మొదలైందంటే ఆపెయ్యి.

పాకానికి కేజీ పంచదార, అర లీటరు నీళ్లు. తీగపాకం దాకా రానివ్వకు. పంచదార కరిగి ఒక పొంగు వస్తే చాలు. పొంగేటప్పుడు చెంచాడు పాలు పోస్తే మడ్డి పైకి తేలుతుంది, గరిటెతో తీసి పారెయ్యి. అప్పుడే ఒక చెంచా నిమ్మరసం, ఒక్క చెంచానే సుమా, పాకంలో వెయ్యి, పంచదార మళ్లీ పలుకులు కట్టకుండా ఉంటుంది. ఇందాక వేడి పాకంలో నిమ్మరసం వద్దన్నావు, ఇప్పుడు వెయ్యమంటున్నావేంటని అడుగుతావని తెలుసు. కేజీ పాకానికి చెంచాడైతే చేదు తెలియదు, అసలు రసమంతా పోస్తేనే తంటా.

దించి, వడకట్టి, పూర్తిగా చల్లారనివ్వు. పూర్తిగా అంటే గిన్నె అడుగున చెయ్యి పెడితే ఏమీ తెలియకూడదు. అప్పుడు అర లీటరు నిమ్మరసం, తేర్చిన అల్లం రసం, చిటికెడు ఉప్పు వేసి కలిపి, వేణ్ణీళ్లతో కడిగి ఎండబెట్టిన గాజు సీసాల్లో పోసుకో. మన నాటు కాయలు పాతిక ముప్పై పిండితే అర లీటరు వస్తుంది. కలపడం స్టీలు గిన్నెలోనో పింగాణీ జాడీలోనో చెయ్యి, అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి ఈ పులుపుకి పనికిరావు.

ఈ కొలతకి లీటరున్నర దాటి వస్తుంది. చిన్న టీ గ్లాసుతో సగం షర్బత్, దానికి మూడు నాలుగింతలు చల్లటి నీళ్లు. ఆ లెక్కన ముప్పయ్యైదు గ్లాసులు. అరవై మందికి రెట్టింపు చెయ్యి, మళ్లీ అడిగేవాళ్లకీ మిగులుతుంది. పాకం, అల్లం రసం ముందు రోజే సిద్ధం చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. నిమ్మకాయలు మాత్రం ఒడుగు రోజు పొద్దున్నే పిండు, ఎవరెంత తొందరపెట్టినా.

*మాది అంతర్వేది దగ్గర. బోరు నీళ్లు ఉప్పన. ఏ షర్బత్ చేసినా తేడాగానే ఉంటోంది. — అంతర్వేది*

సముద్రం పక్కనే ఉన్నారు, ఉప్పన కాక ఏమవుతాయండీ. కలిపేది టిన్ను నీళ్లతో కలపండి, పాకం కూడా వాటితోనే పట్టండి. బోరు నీళ్లు గ్లాసులు కడుక్కోడానికి. గ్లాసులు కూడా ఆఖర్న ఒకసారి మంచి నీళ్లతో తొలపండి, లేకపోతే మొదటి గుక్కకే తెలిసిపోతుంది.

*మా అబ్బాయి ఇంటర్ పరీక్షలయ్యాక ఫోన్లో చూసి, అల్లం నీళ్లు, పంచదార, నిమ్మరసం, ఈస్టు కలిపి గాజు సీసాలో బిగించి అటక మీద పెట్టాడు. దానంతటదే సోడా అవుతుందట. మూడో రోజు రాత్రి ఢామ్మని పేలింది. ఇంట్లో అందరం లేచి కూర్చున్నాం. అటక మీద ఇత్తడి సామానంతా బంక. వాడేమో గోలీసోడా సీసా కూడా గాజే కదా అని వాదిస్తున్నాడు. — కాకినాడ*

ఎవరికీ గాజు ముక్కలు గుచ్చుకోలేదు కదా, ముందు అది సంతోషం. అబ్బాయికి ఉత్సాహం ఉంది, తిట్టకండి. కాకపోతే ఆ రెసిపీ రాసినవాళ్లది చలిదేశం అయ్యుంటుంది, మనది కాకినాడ. ఈస్టు పంచదారని తిని గ్యాసు వదులుతుంది, ఆ గ్యాసే సోడాలో బుస. చల్లటి ఊళ్లలో రెండు మూడు రోజులు పట్టే పని మన అటక మీద వేసవిలో ఒక్క రోజులో అయిపోతుంది, తరవాత రెండు రోజులూ అదే సీసాలో గ్యాసు పేరుకుంటూనే ఉంది. పేలక ఏం చేస్తుంది?

గోలీసోడా సంగతి వాడికి ఇలా చెప్పండి. ఆ సీసాని 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లండ్ ఇంజినీరు పేటెంటు చేశాడు. గ్యాసు ఒత్తిడి తట్టుకోడానికే మందపాటి గాజుతో పోతపోస్తారు. లోపలి గ్యాసే గోలీని పైకి తోసి మెడలో ఉన్న రబ్బరు చుట్టకి అదిమి పెడుతుంది. పైగా అందులో గ్యాసు మిషను కొలిచి ఎక్కించినంతే ఉంటుంది, ఈస్టు సీసాలోలా గంట గంటకీ పెరగదు. జామ్ సీసాకీ, వెనిగర్ సీసాకీ ఆ దిట్టతనం ఎక్కడిది?

మళ్లీ చెయ్యాలని ఉంటే చెయ్యనివ్వండి, గాజు మాత్రం ముట్టుకోనివ్వద్దు. ఖాళీ కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసా, రెండు లీటర్లది. దానికి ఒక గ్లాసు పంచదార, రెండు మూడు చెంచాల అల్లం రసం, రెండు నిమ్మకాయలు, పావు చెంచా ఈస్టు. అంతకి మించి ఈస్టు వేస్తే బ్రెడ్డు వాసన కొడుతుంది. పైన నాలుగు వేళ్ల ఖాళీ ఉంచి మూత బిగించి, పొద్దున్న పెడితే సాయంత్రం నుంచి గంటకోసారి సీసా నొక్కి చూడమనండి. నొక్కితే సొట్ట పడుతుంటే ఇంకా కాలేదు. కొత్త సీసాలా బిర్రుగా ఉంటే అయిపోయింది, వెంటనే ఫ్రిజ్‌లోకి. ఫ్రిజ్‌లో పెడితే ఈస్టు నెమ్మదిస్తుందంతే, చావదు. కాబట్టి రెండు మూడు రోజుల్లో తాగెయ్యాలి, మూత సింకు మీద పెట్టి కొద్దికొద్దిగా తిప్పుతూ తియ్యాలి.

ఇంకో మాట. పంచదార పులిస్తే గ్యాసుతో పాటు కాస్త ఆల్కహాలు కూడా పుడుతుంది. ఒక రోజు పులిసినదాంట్లో కొంచెమే ఉంటుంది గానీ ఉంటుంది. చిన్నపిల్లలకి ఇవ్వకండి, దేవుడి దగ్గర పెట్టకండి. ఇంత బాధెందుకంటే, పైన పాలకొల్లు అమ్మాయికి చెప్పిన షర్బత్‌లో బండి మీద సోడా కొట్టించి పోసుకుంటే రెండు నిమిషాల పని. నా ఓటు దానికే. మన రామచంద్రపురం ఆర్టోస్ కూల్‌డ్రింకు తాగి పెరిగినవాళ్లం, గ్యాసు ఎవరో ఒకరు కొట్టి ఇస్తేనే మనకి బాగుంటుంది.

*అల్లం బదులు మామిడల్లం వెయ్యొచ్చా? శొంఠి పొడి అయితే? మాకు పెరట్లో మామిడల్లం చాలా వచ్చింది. — భీమవరం*

మామిడల్లం పేరుకే అల్లం, చుట్టరికం పసుపుతో. ఘాటు దాదాపు ఉండదు, పచ్చిమామిడి వాసన మాత్రం గుప్పుమంటుంది. షర్బత్ బ్రహ్మాండంగా ఉంటుంది గానీ అది అల్లం షర్బత్ కాదు, వేరే సరుకు. దాంతో కూడా రసం తీసి తేర్చాల్సిందే. నేనైతే మూడొంతులు మామిడల్లం, ఒక వంతు మామూలు అల్లం కలుపుతాను, అప్పుడు వాసన దానిదీ, కారం దీనిదీ వస్తాయి.

శొంఠి వేరే లెక్క. అల్లం ఎండేటప్పుడు అందులో కారానికి కారణమైన జింజెరాల్ అనే పదార్థం షోగాల్‌గా మారుతుంది, అది ఇంకా ఘాటు. అందుకే చెంచా శొంఠి వేస్తే గొంతు మండేది, చారెడు అల్లం వేసినా అంత మండదు. ఆ పేరులో ఉన్న షోగా అంటే జపాన్‌వాళ్ల భాషలో అల్లమేనట, చూశారా. శొంఠి బెల్లానికి జోడీ, మిరియం, యాలక్కాయతో కలిసి శ్రీరామనవమి పానకంలోకి. పచ్చి అల్లం వాసన నిమ్మకాయకి జోడీ. రెండూ కలిపి చేస్తే మందు తాగినట్టుంటుంది. దగ్గుకైతే అలాగే చేసుకోండి.

*మా వారికి షుగర్. పంచదార మానేసి బెల్లంతో చేస్తే తాగొచ్చా అక్కా? — రావులపాలెం*

లేదు చెల్లీ. బెల్లం కూడా చెరకే, తాగాక రక్తంలో షుగర్ పెరగడంలో పంచదారకీ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. నేను పైన రాసిన కొలతలో ఒక్కో గ్లాసుకి ఇరవై ఎనిమిది గ్రాముల దాకా పంచదార పడుతుంది, అంటే దగ్గర దగ్గర ఆరు చెంచాలు. రాస్తుంటే నాకే భయమేసింది. మీ వారికి షర్బత్ జోలికి వెళ్లకుండా, అల్లం తేట రెండు చెంచాలు, సగం నిమ్మకాయ, చిటికెడు ఉప్పు, కాస్త వేయించిన జీలకర్ర పొడి చల్లటి నీళ్లలో కలిపి ఇవ్వు. ఇంకా బాగుండాలంటే పల్చటి మజ్జిగలో అల్లం దంచి వేసి, దబ్బాకు నలిపి పడెయ్యి, నిమ్మకాయ కూడా అక్కర్లేదు. ఆయన రక్తం పల్చబడే మాత్రలేమైనా వేసుకుంటుంటే రోజూ అల్లం రసం మొదలుపెట్టే ముందు డాక్టరుగారిని ఒక మాట అడుగు. గుండెల్లో మంట, పులితేన్పులు ఉన్నవాళ్లకి పరగడుపున నిమ్మరసం అస్సలు వద్దు, ఎవరేం చెప్పినా సరే.

*దాళ్వా కోతలప్పుడు చేలో పనిచేసేవాళ్లకి నిమ్మరసం, అల్లం, పంచదార, ఉప్పు కలిపి బిందెతో పంపుతాం. ఉప్పెంత వెయ్యాలి? ఇది ఓఆర్ఎస్‌లా పనిచేస్తుందా? — మండపేట*

బిందెతో పంపుతున్నారు చూశారా, అది మంచి పని. లీటరు నీళ్లకి పావు చెంచా నుంచి అర చెంచా ఉప్పు, తీపి నాలుగైదు చెంచాలు మించకుండా. చెమట బాగా పట్టే పనికి తీపి తక్కువ, ఉప్పు తెలిసీ తెలియనట్టు ఉండాలి. కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదని మా నాన్న గుర్తు చెప్పేవారు. ఐసు కోసం ఐసు ఫ్యాక్టరీ దిమ్మ పగలగొట్టి బిందెలో వెయ్యకండి, అది తాగడానికి చేసిన ఐసు కాదు. బిందెకి తడిగుడ్డ చుట్టండి చాలు.

ఓఆర్ఎస్ మాత్రం కాదు. దప్పికకీ చెమటకీ ఇది సరిపోతుంది. వాంతులు విరేచనాలు అయినవాళ్లకి మాత్రం ప్యాకెట్ ఓఆర్ఎస్సే, దాని మీద ఎన్ని నీళ్లని రాసుంటే అన్నే. అది దొరికేలోపు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాలు పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకి సమంగా గీటు కొట్టి కొలిచి ఇవ్వండి. తీపి ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి, అందుకే కొలత. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని అమ్మే తియ్యటి డ్రింకులతో ఇదే తంటా. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆ పేరు అలా వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ చెప్పింది.

*నిమ్మకాయలు చవగ్గా ఉన్నప్పుడే షర్బత్ ఎక్కువ చేసి ఏడాదంతా దాచుకోవచ్చా? — అమలాపురం*

ఏడాది అంటే చెడిపోకుండా ఉంచే మందు కలపాలండీ, ఇంట్లో తాగేదానికి అదెందుకు. ఏమీ కలపకుండా ఫ్రిజ్‌లో మూడు నాలుగు వారాలు భేషుగ్గా ఉంటుంది. మూత తీసినప్పుడు బుస్సుమన్నా, పైన నురగ కట్టినా పారబొయ్యండి, అది పులిసింది. 2022 ఏప్రిల్లో ఒక్కో కాయ పది రూపాయలు దాటినప్పటి నుంచి నేను వర్షాకాలంలో కాయలు చవకైనప్పుడు రసం పిండి ఐసు ట్రేల్లో గడ్డ కట్టించి, గడ్డల్ని డబ్బాలో వేసుకుంటున్నాను. కావలసినప్పుడు రెండు గడ్డలు, రెండు చెంచాల పాకం. కరెంటు పోయే ఊరైతే మాత్రం ఈ సలహా నాది కాదు.

*రసం తీశాక మిగిలిన అల్లం పిప్పి పారేయాలంటే మనసొప్పడం లేదు. — కొత్తపేట*

పారేయకండి. రెండు రోజులు ఎండబెట్టి టీలో వేసుకోవచ్చు, ఘాటు సగం ఉంటుంది. పెసరట్టు పిండిలో వేసి రుబ్బేవాళ్లూ ఉన్నారు, పీచు పళ్లలో ఇరుక్కుంటుంది, నాకు నచ్చదు.

అల్లం ఇంకో పావు కేజీ కొని భావన అల్లం చేసుకోండి, పిప్పి సంగతి మర్చిపోతారు. సన్నటి పలకలుగా తరిగి, సైంధవ లవణం చల్లి, మునిగేటట్టు నిమ్మరసం పోసి, జాడీలో మూడు రోజులు ఊరనిస్తే ముక్కలు లేత గులాబీ రంగుకి తిరుగుతాయి. పొద్దున్న డాబా మీద పళ్లెంలో ఎండబెట్టి, సాయంత్రం మళ్లీ అదే రసంలో వెయ్యాలి. రసమంతా ఇంకిపోయేదాకా అలాగే. ఆఖరికి ముక్క వంచితే విరగాలి. వేవిళ్లప్పుడూ, బస్సులో కడుపు తిప్పినప్పుడూ ఒక ముక్క బుగ్గన పెట్టుకోడానికి. పళ్లెం మీద పల్చటి గుడ్డ కప్పండి, కాకులకి అల్లం అక్కర్లేదు గానీ చీమలకి ఆ ఉప్పూ పులుపూ ఎందుకో మహా ఇష్టం, మా డాబా మీద అయితే అంతే.